పెదవులు కలవని డైలాగు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొదట అడిగేది, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. నాకు తెలియదు. నేను పని మానేసేనాటికే కంప్యూటరు సంగతులన్నీ వేరేవాళ్లు చూసుకునేవాళ్లు, నేను పక్కన కూర్చుని “కాస్త వెనక్కి తిప్పు నాయనా” అనేదాన్ని. నాకు తెలిసింది పెదవుల సంగతి. డబ్బింగ్ సినిమాకి మాటలు రాయడమంటే ఇంకొకరి నోట్లో మన మాట పెట్టడం. ఆ నోరు ఎక్కడ తెరుచుకుంటుంది, ఎక్కడ మూసుకుంటుంది, అదే మా చదువు. ప, ఫ, బ, భ, మ. ఇవి పలకాలంటే పెదవులు కలవాలి. తెర మీద పెదవులు కలిసిన చోట వీటిలో ఒకటి పడాలి, కలవని చోట పడకూడదు. మిగతా అక్షరాల్లో ఎంత తేడా వచ్చినా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, వీటి దగ్గర మాత్రం పట్టేస్తాడు. నమ్మకపోతే అద్దం ముందు కూర్చుని చూసుకోండి.

ఇంతవరకు ఒక పూటలో నేర్చుకోవచ్చు. నేను చెప్పాలనుకున్నది వేరే. తిరుగుబాటు సినిమాలకు మాటలు రాస్తూ నేను చూసినవి, విన్నవి. వాటిలో చివరిది నిన్న మొన్నటిది.

శుభ్రమైన తెలుగు

మాది లాల్‌దర్వాజా. మా నాన్న సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లో మాట్లాడేది ఒక తెలుగు, బడిలో రాసేది ఇంకో తెలుగు, గల్లీ దాటితే ఉర్దూ. ఈ మూడూ నోటికి వచ్చు కాబట్టే హిందీ సినిమాలను తెలుగు చేసే స్టూడియోలో నాకు పని దొరికింది. దాని యజమానిని రావుగారు అనేవాళ్లం. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. భోజనం వేళకు ఎవరినీ ఆకలితో ఉంచేవాడు కాదు, ఆడపిల్లనని నాతో ఒక్కరోజూ తేలిగ్గా మాట్లాడలేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతివి చదివి ఆయన్ని విలన్ అనుకుంటారు. బయట విలన్లు మా సినిమాల్లో దొరికినంత సులువుగా దొరకరు.

నా మొదటి సినిమా మిల్లు బస్తీలో తిరగబడ్డ కుర్రాడి కథ. నేను వాడికి మా గల్లీ మాట రాశాను. రావుగారు రెండు పేజీలు చదివి పకపకా నవ్వారు.

“అమ్మాయ్, హీరోకి ఈ యాసేంటి? ఇది రౌడీ పక్కనుండేవాడికి పెట్టు, జనం పడీపడీ నవ్వుతారు. హీరో శుభ్రంగా మాట్లాడాలి.”

మా అమ్మ నన్ను జోకొట్టిన మాట శుభ్రమైనది కాదని ఒక మంచిమనిషి నవ్వుతూ చెప్పగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే, “ఏందే, గట్ల చూస్తున్నవ్?” అని అమ్మ అడిగింది. ఏం లేదన్నాను. మర్నాడు వెళ్లి హీరోకి రేడియో వార్తల తెలుగు రాశాను. బస్తీ జనానికి మాత్రం మా మాటే ఉంచారు. గుంపు అరుపుల్లో యాస ఎవరూ పట్టించుకోరు కదా.

ఆ గుంపు అరుపుల్లోనే యాదగిరి నాకు పరిచయమయ్యాడు. శాలిబండలో ఫొటో ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు. పక్క దుకాణం ఖాజా భాయ్‌ది, అద్దాలు కోసే పని. చెక్క ఈయనది, గాజు ఆయనది. తీరిక దొరికితే యాదగిరి స్టూడియోకి వచ్చి గ్రూప్ వాయిస్ చెప్పేవాడు. తెర మీద వేలమంది ఊరేగింపు అరుస్తుంటే, అది ఒక మైకు చుట్టూ నిలబడ్డ అయిదారుగురు మనుషులు. యాదగిరి ముసలివాడిలా అరుస్తాడు, పిల్లాడిలా అరుస్తాడు, బొంగురు గొంతు పెడతాడు, మధ్యలో దగ్గుతాడు. దగ్గెందుకని అడిగితే, “మందిల ఒక్కడన్న దగ్గకుంటే అది మందెట్లయితది అక్కా?” అనేవాడు.

ఆ మొదటి సినిమా రికార్డింగు అయ్యాక నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

“అక్కా, గీ పోరడు మన బస్తీలనే పుట్టిండు గద? మరి తిరగబడంగనే గట్ల వార్తలు చదివినట్టు మాట్లాడుతుండేంది?”

నవ్వాను. తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ప్రశ్నకు చప్పట్లు రావు

రావుగారి దగ్గర ఒక ఎర్ర పెన్ను ఉండేది. నేను రాసిన ప్రతి ప్రశ్నార్థకాన్నీ దానితో ఆశ్చర్యార్థకం చేసేవారు. “మా నీళ్లు ఎవరు ఎత్తుకుపోయారు?” అని హీరో అడిగితే, “మీ నీళ్లు నేను తెస్తా!” అని మారేది. ఎందుకండీ అన్నాను ఒకసారి.

“ప్రశ్న వేస్తే జనం ఆలోచిస్తారమ్మా. ఆలోచిస్తూ కూర్చుంటే విజిల్ ఎవడు వేస్తాడు?”

ఇది రాసిపెట్టుకోండి. తిరుగుబాటు సినిమాలో రాజకీయం ఎక్కడుందని వెతికేవాళ్లు జెండా రంగు చూస్తారు, హీరో ఎవరిని తిట్టాడో చూస్తారు. నేను ఎర్ర జెండా సినిమాలకూ రాశాను, కాషాయ జెండా సినిమాలకూ రాశాను, ఏ జెండా లేని వాటికీ రాశాను. అన్నిటిలోనూ జనం బాధపడతారు, ఒకడు వస్తాడు, వాడు కొడుతుంటే జనం చుట్టూ నిలబడి చూస్తారు, ఆఖరికి వాడికో వాడి ఫొటోకో దండ వేస్తారు. తిరగబడమని చెప్పే సినిమా చూసి బయటికి వచ్చిన మనిషి, మన తరఫున ఎవడో తిరగబడ్డాడులే అని హాయిగా ఇంటికి పోతాడు. ఈ తిరకాసు నాకు మెల్లగా అర్థమైంది. అర్థమైనా రాస్తూనే ఉన్నాను. పని అది.

హమ్ కాఫీ హై

నేను మానేసే ముందు వచ్చిన సినిమా ఇది. పేరు చెప్పను. పేదల కాలనీని కూల్చడానికి యంత్రాలు వస్తాయి. హీరో ముందుకొచ్చి పళ్లు బిగించి ఒక్క మాట అంటాడు: “హమ్ కాఫీ హై.” వెనక జనం కదులుతారు. అంతే సీను.

నేను ఆ మూడు మాటల దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. కాఫీ అంటే చాలు. మరి హమ్ అంటే? ఉత్తరాదిలో కొందరు ‘నేను’ అనడానికీ హమ్ అంటారు. తెలుగులో అలా కుదరదు. నేను అంటే ఒకడు. మేము అంటే నువ్వు కాకుండా మిగతావాళ్లం. మనం అంటే నువ్వు కూడా. తెలుగువాడు ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోకుండా నోరు తెరవలేడు. ఎంచుకున్నామా, రాజకీయం చెప్పేసినట్టే.

ఫ్రేము కోసం శాలిబండ వెళ్లినప్పుడు ఖాజా భాయ్‌ని అడిగాను. ఆయన గాజు కోస్తూనే జవాబు చెప్పాడు.

“ఆపా, హమ్ బోలే తో అకేలా బీ హో సక్తా, సబ్ బీ హో సక్తే. హమారే హైదరాబాద్ మే అపన్ బోల్తే. అపన్ బోలే తో తుమ్ బీ, మై బీ.”

హమ్ అంటే ఒక్కడూ కావచ్చు, అందరూ కావచ్చు. మన హైదరాబాదులో ‘అపన్’ అంటే మాత్రం నువ్వూ నేనూ. అచ్చం మన ‘మనం’. నాకు ఒక్కసారిగా సందేహం తీరింది. స్టూడియోకి వెళ్లి మళ్లీ చూశాను. మాట ఎత్తేముందు హీరో పెదవులు బిగిసి ఉన్నాయి, హమ్ దగ్గర మళ్లీ కలిశాయి. మనం అన్న మాటలో పెదవులు ముందొకసారి, చివర ఒకసారి కలుస్తాయి. ‘మనం చాలు’ అని రాశాను. అతికినట్టు కూర్చుంది. దాని వెనక గుంపుకి ‘మేమూ వస్తున్నం’ అని ఒక్క అరుపు పెట్టాను.

యాదగిరి బృందం ఆ అరుపు రికార్డు చేసిన రోజు నేను బూత్ బయట ఉన్నాను. అయిదారుగురు మనుషులే, కానీ గోడలు అదిరాయి. బయటికి వచ్చి యాదగిరి ముంజేతి మీద లేచిన వెంట్రుకలు చూపించాడు.

“గిన్నేండ్లల్ల జై అన్నం, అన్నా కాపాడు అన్నం. వస్తున్నం అనుడు గిదే మొదలు అక్కా. మస్తుగుంది.”

తెర మీద

సినిమా విడుదలైన వారంలో పాతబస్తీలోని ఒక హాల్లో మ్యాట్నీకి ఇద్దరం వెళ్లాం. హాలు కిటకిటలాడుతోంది. ఆ సీను వచ్చింది. యాదగిరి నా వైపు తిరిగి కనుబొమలెగరేశాడు.

హీరో ముఖం లేదు. ముఖం కనిపించే షాట్ తీసేసి, వెనక నుంచి నడిచి వెళ్లే షాట్ నెమ్మదిగా నడిపించారు. పెదవులు కనబడకపోతే ఏ మాటైనా పెట్టొచ్చు. పెట్టారు.

“నేనొక్కణ్ణే చాలు! కాల్చేస్తా!”

దాని వెంట గుంపు: “జై అన్నా! మా అన్నే చాలు!” హాలంతా లేచి నిలబడింది. కాగితాలు ఎగిరాయి. యాదగిరి నా చెయ్యి పట్టుకుని, “అక్కా, మన గొంతు ఏడవోయింది? ఇంకో సీనుకని పిలిచి జై కొట్టిచ్చిండ్రు, గిక్కడ పెట్టిండ్రా?” అన్నాడు. చుట్టూ ఈలలు. నేను తల ఊపాను.

మర్నాడు రావుగారిని అడిగాను. ఆయన తప్పించుకోలేదు.

“మంది ఎక్కువైతే మజ్జిగ పలచనమ్మా. అందరూ కలిసి వస్తే హీరో ఎందుకు? ఎలివేషన్ పోతుంది. నీ మాట బాగుంది, కాదనను. ఈలలు మాత్రం దీనికే పడ్డాయి, విన్నావుగా?”

విన్నాను. ఆ తర్వాత నేను ఇంకో సినిమా ఒప్పుకోలేదు. కోపంతో అని అనుకోకండి. ఆ మాట విన్నాక నా బుర్ర మొద్దుబారింది, అంతే.

షేర్ ఆటోలో

తర్వాత శాలిబండలో యాదగిరి వాళ్ల వరసకు రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. దుకాణాల ముందు భాగాలు పోతాయన్నారు. పోకుండా ఆపాలని ఎవరూ అనుకోలేదు. యాదగిరి అడిగింది ఒక్కటే, బోనాలు అయ్యేదాకా ఆగమని. బోనాలకు అమ్మవారి పటాలు కట్టించుకునేవాళ్లు వరస కడతారు, అతనికి ఏడాదంతా గడిచేది ఆ గిరాకీ మీదే. పనులు చూసే పెద్దమనిషి, “ఒక్కడివి వచ్చి అడిగితే ఎట్లా? అందరూ కలిసి నిలబడి అడగండి, ఆపుతాను” అన్నాడట. దుకాణాల వాళ్లంతా సరేనన్నారు. యంత్రం వచ్చే పొద్దున యాదగిరి దుకాణం ముందు కలుద్దామని మాట ఇచ్చుకున్నారు.

ఆ పొద్దున నేను చాంద్రాయణగుట్టలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్లో అదే డైలాగు. “నేనొక్కణ్ణే చాలు! కాల్చేస్తా!” వెనక జై. ఈ సినిమా పీడ ఇంకా వదల్లేదా అని తల తిప్పాను.

ఫోన్లో ఉన్నది హీరో కాదు. యాదగిరి. కూల్చే పసుపు యంత్రం ముందు చేతులు చాపి నిలబడ్డాడు. ఆ డైలాగు అతని నోట్లోంచి వస్తోంది.

“ఇంకోసారి పెట్టమ్మా” అన్నాను. ఆ అమ్మాయి సంబరంగా పెట్టింది. “మస్తు ధైర్యం గదా ఆంటీ? ఒక్కడే నిలబడ్డడు! మా కాలేజీల అందరం పెట్టుకున్నం స్టేటస్.”

నేను అతని నోటినే చూశాను. ఇన్నేళ్లు అదే పని చేశాను కాబట్టి కళ్లు వాటంతటవే అక్కడికి పోయాయి. డైలాగులో ‘నేనొక్కణ్ణే చాలు, కాల్చేస్తా’ అని వినబడుతోంది. అందులో పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. యాదగిరి పెదవులు కలిశాయి. విడిపోయి, మళ్లీ కలిశాయి. తర్వాత నోరు బాగా తెరిచాడు, చెయ్యి వెనక్కి ఊపుతూ ఇంకో మాట అన్నాడు.

మనం. మనం చాలు, రాండ్రి.

ఎవరో అతని గొంతు తీసేసి హీరో గొంతు పెట్టారు. ఆటో కుదుపులకు ఫోను ఊగుతోంది, అతను పిలుస్తూనే ఉన్నాడు. సినిమాలో తీసేసిన నా మాటను అతను ఆ యంత్రం ముందు నిలబడి అన్నాడు. నేను ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నానట. “ఏమైంది ఆంటీ?” అని భయపడింది పాపం.

శబ్దం తీసేసి చూడండి

శాలిబండలో దిగేసరికి ఖాజా భాయ్ ఎదురొచ్చాడు. యాదగిరి దుకాణం ముందు భాగం లేదు. అతన్ని పోలీసు స్టేషనుకు పిలిచారట, కాల్చేస్తానని బెదిరించాడని.

“ఎవరూ రాలేదా భాయ్?” అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. “మై కాంచ్ ఉఠారా థా ఆపా.” గాజు పలకలు లోపలికి సర్దుకుంటున్నాడట, పగిలిపోతాయని. ఇంకొకరు షట్టర్ దగ్గర ఉన్నారు, ఇంకొకరు సామాను ఎత్తించుకుంటున్నారు. ఎదురు మేడ మీది కుర్రాళ్లంతా ఫోన్లు పట్టుకున్నారు. యాదగిరి పిలుస్తుంటే పైనుంచి ఈలలు వేశారు. “డైలాగ్ కొట్టన్నా, డైలాగ్!” అని అరిచారు. మాట ఇచ్చిన దుకాణాలవాళ్లయితే ముందురోజు చాయ్ దుకాణం దగ్గరే, “యాదన్న ఒక్కడు చాల్తడు, మనమెందుకు?” అన్నారట.

భయపడితే అర్థం చేసుకుంటాను. పదిమందిలో పాము చావదని సినిమాలు పుట్టకముందే అన్నారు. కానీ వీళ్లు భయపడలేదు. ముచ్చటపడ్డారు. కింద మనిషి బతుకు పోతుంటే టికెట్టు కొన్నవాళ్లలా ముచ్చటపడ్డారు. దీనికి నేనొక్కదాన్నే కారణమని అనను, సినిమాలే కారణమనీ అనను. కానీ ఆ ఈల ఎక్కడ వేయాలో వాళ్లకు నేర్పిన చోట నేను చాలా ఏళ్లు కూర్చున్నాను.

స్టేషనుకు వెళ్లాను. ఎస్సై కుర్రవాడు. బెంచీ మీద యాదగిరి ఉన్నాడు.

“వీడియో ఉన్నది గదమ్మా, ఇంకేం చెప్తరు?”

“శబ్దం తీసేసి చూడండి బాబూ” అన్నాను.

చూశాడు. ఆ డైలాగును మీరు అనండి, మీ పెదవులు ఎక్కడన్నా కలుస్తాయేమో చూసుకోండి అన్నాను. ఎస్సై మొహమాటపడుతూ గొంతు పైకి రాకుండా పెదవులు కదిపాడు. పక్కన కానిస్టేబులు మాత్రం గట్టిగానే అన్నాడు, అచ్చం హీరోలా. అని, ఉలిక్కిపడి, “సార్, గిది సినిమాదే. నేను రెండుసార్లు చూసిన” అన్నాడు. మళ్లీ మూగగా నడిపారు. పెదవులు కలిసిన చోట ఎస్సై బొమ్మ ఆపాడు.

“మనం అన్నవా?” యాదగిరిని అడిగాడు.

“అన్న సార్. మనం చాలు, రాండ్రి అని పిలిచిన.”

“ఎవరన్న వచ్చిండ్రా?”

“రాలే సార్.”

ఎస్సై ఫోను బల్ల మీద పెట్టేశాడు. కేసేమీ లేదు, పొమ్మన్నాడు. “కానీ అమ్మా, మా ఇంట్ల గూడ అందరు చూసిండ్రు దీన్ని. ఇప్పుడు నేను పోయి అది కాదంటే ఎవరింటరు?” అన్నాడు.

గుంపు

తిరిగి శాలిబండ వచ్చాం. సగం పోయిన దుకాణంలో చెక్క ఫ్రేములు గోడకు ఆనించి ఉన్నాయి, వాటి మీద సున్నం పొడి. దారినపోయే ఇద్దరు కుర్రాళ్లు, “అన్నా, ఒక్క సెల్ఫీ” అన్నారు. యాదగిరి నిలబడ్డాడు. వాళ్లు అతని భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగి, “ఒక్కడే చాలన్నా నువ్వు” అంటూ వెళ్లిపోయారు. నేను తిట్టబోయాను, వద్దన్నాడు.

తర్వాత ఫోను తీసి ఆ వీడియో పెట్టాడు. బొమ్మ నాకు కనబడకుండా చేత్తో మూశాడు.

“హీరో మాట ఇడిసిపెట్టు అక్కా. ఎనక జై అంటున్నరు సూడు, గది ఇను.”

విన్నాను. హాల్లో విన్న అరుపే. జై అన్నా, మా అన్నే చాలు.

“గా బొంగురు గొంతు ఎవనిది?”

నేను ఫోనుకు చెవి దగ్గరగా పెట్టాను.

“నాదే. గా పోరని గొంతు? గది సుత నాదే. గిప్పుడు దగ్గుతడు సూడు.”

దగ్గు వినబడింది.

“పొద్దున పిలిస్తె ఎవ్వలు రాలేదంటున్నరు గద అక్కా. గీండ్ల మస్తుమంది వచ్చిండ్రు. అందరు నేనే.”

అని, వేలితో వీడియోను మళ్లీ మొదటికి జరిపాడు.